పాస్టరమ్మ వద్దన్న ప్రార్థన

"బియ్యం ఇంకోసారి కడుగు," అన్నాడు కమలాకర్. "ఇందాక ఫోన్ల వీడియో సరిగ్గ రాలే."

సుభాషిణి కడిగిన బియ్యాన్నే మళ్లీ కడిగింది. నీళ్లు అప్పటికే తేటగా వస్తున్నాయి. మొదటి నీళ్లయితే తెల్లగా బాగా కనబడేవని అతను కొంచెం నొచ్చుకున్నాడు. ఆమె పక్కన ఉల్లిగడ్డలు కోస్తున్న బాలవ్వను కాస్త జరగమన్నాడు. బాలవ్వ జరిగింది. జరిగి, ఫోనుకు వీపు పెట్టి కూర్చుని తన పని తాను చేసుకుంది.

పర్వత్ పాటియాలో చీరలు మడతపెట్టే ఒక దుకాణం మీది అంతస్తులో ఉంది వాళ్ల ప్రార్థన మందిరం. జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి సూరత్ వచ్చి మిల్లుల్లో, సాంచాలనే మరమగ్గాల మీద బతుకుతున్న కొన్ని కుటుంబాలు ఆదివారాలు అక్కడ చేరి తెలుగులో పాడుకుంటాయి. సుభాషిణి భర్త కమలాకర్ ఒకప్పుడు పాండేసరలో అద్దకం మిల్లులో పనిచేసేవాడు. ఆ పని మానేసి వాక్యం చెప్పడం మొదలుపెట్టాడు. అతను పాస్టరయ్యాడు కాబట్టి ఆమె పాస్టరమ్మ అయింది. మందిరం ఊడ్వడం, చాపలు పరవడం, వచ్చినవాళ్లకు చాయ్ పెట్టడం, ఎవరి భార్యకైనా నొప్పులొస్తే దవాఖానాకు తోడు వెళ్లడం, ఎవరింట్లో చావు జరిగినా వంట చేసి పంపడం, ఇవన్నీ ఆమె మీద పడ్డాయి. అది పని అని ఎవరూ అనలేదు. సేవ అన్నారు. సేవకు సెలవుండదు. ఇన్నేళ్లలో ఆ మందిరంలో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లు కూడా లేరు.

కరోనా వచ్చిన ఏడాది అది. లాక్‌డౌన్‌లో సాంచాలు ఆగిపోయి, సగంమంది ఊళ్లకు పోయి, మళ్లీ మొదలయ్యాయని తెలిసి తిరిగొచ్చారు. చేతికి సరిగా జీతం అందకముందే ఆగస్టులో ఖాడీ పొంగింది. ఊరి మురుగంతా మోసుకుపోయే ఆ కాలువ వానలకు ఒడ్డు దాటి సందుల్లోకి వచ్చేసింది. మంచాలు, పొయ్యిలు, బియ్యం డబ్బాలు నల్లటి నీళ్లలో తేలాయి. బడులు మూతపడి ఉన్నాయి కాబట్టి పిల్లలకు మధ్యాహ్నం అక్కడ దొరికే అన్నమూ లేదు. ఆ చుట్టుపక్కల తడవని చోటు ఈ మందిరమే. పిల్లలు ఒక్కొక్కరే మెట్లెక్కి వచ్చి, గోడవార కూర్చుని, ఏమీ అడగకుండా సుభాషిణిని చూశారు.

ఆ రోజు కమలాకర్ లేడు. జబ్బుపడ్డ ఒక విశ్వాసిని చూడడానికి పాండేసర వెళ్లి నీళ్లకు అక్కడే చిక్కుకుపోయాడు. సుభాషిణి మందిరం వెనక తాముండే గదిలోంచి బియ్యం, పప్పు తెచ్చి, కూడికలకు వాడే పెద్ద గిన్నెలో ఖిచిడీ వేసింది. సంఘం పెద్దలను అడగలేదు. అత్తనూ అడగలేదు. మరునాడు కింది దుకాణం సేటును పిలిచి సరుకిప్పించమంది. వరసలో నిలబెట్టడానికి నేల మీద సుద్దతో గుండ్రాలు గీసింది. మనవళ్లను వెతుక్కుంటూ వచ్చిన బాలవ్వ, పక్క సందులో కండెలు చుట్టుకునే సాలోళ్ల ముసలామె, కాసేపు నిలబడి చూసి కొంగు బొడ్లో దోపుకుంది. "మీ దేవునికి నేను మొక్కగని, ఉల్లిగడ్డలైతే కోస్త," అంది.

తను చెప్పింది చెప్పినట్టు జరగడం సుభాషిణికి వింతగా ఉండింది. ఉప్పు ఎంతో తనే చెప్పింది. ముందు చిన్నవాళ్లకు పెట్టాలని తనే చెప్పింది. కాళ్లు నొప్పులు పుట్టాయి కానీ, మందిరం ఊడ్చిన రోజు వచ్చే నొప్పిలాగా లేవు.

నీళ్లు తీశాక కమలాకర్ వచ్చాడు. గిన్నెనూ పిల్లలనూ చూసి అతని కళ్లు చెమ్మగిల్లాయి. చెడ్డవాడు కాదతను. చెయ్యెత్తి ఎరగడు, గొంతెత్తి ఎరగడు. ఆ సాయంత్రమే సిటీలోని ఒక పెద్ద సంఘానికి ఫోన్ చేశాడు. "నేనొక చిన్న పని మొదలుపెట్టిన అన్నా," అని చెప్తుంటే సుభాషిణి వెనక గిన్నె తోముతూ విన్నది. మొదలుపెట్టింది ఎవరన్నది ఆమెకు అంత పట్టలేదు. సరుకు వస్తే చాలనుకుంది. సరుకు వచ్చింది. దాంతోపాటు వీడియోలు పంపమనే మాట కూడా వచ్చింది. అత్త చిన్నవ్వ మాత్రం, "ఊరందరి పిల్లలకు వండుతున్నవ్, నా రొట్టె యాదికున్నదా?" అని అడిగింది. అందుకని సుభాషిణి పొద్దున్నే లేచి ఇంటి పని ముగించుకుని, ఆ తర్వాత మందిరం పొయ్యి వెలిగించేది.

వీడియో కోసం కమలాకర్ ఒకరోజు పిల్లలను వరసగా నిలబెట్టి, చేతులు జోడింపజేసి, పాట పాడించాడు. మరునాడు సగంమంది రాలేదు. ఆ మరునాడు బాలవ్వ మనవళ్లూ రాలేదు. ఖిచిడీ గిన్నెలో మిగిలిపోయి గట్టిపడింది. కారణం బాలవ్వే చెప్పింది. కులపెద్ద నర్సింగం ఫోనులో ఆ వీడియో చూశాడట. అన్నం పెట్టి మతం మారుస్తున్నారని తల్లులను పిలిచి కోప్పడ్డాడట. "పిల్లలు ఏడుస్తున్నరు పాస్టరమ్మా. నేను గూడ ఏమనలేకపోయిన," అంది.

సుభాషిణి ఆ గిన్నెకు ఒక చెవి తను పట్టుకుని, రెండోది బాలవ్వను పట్టుకోమని, మెట్లు దిగింది. బురద ఇంకా ఆరని సందులో ఇంటింటి ముందూ ఆగి, ఇక నుంచి ఎవరూ చేతులు జోడించమని అడగరు, ఎవరి ముఖం వీడియోలో రాదు, ఆకలైతే రండి, తిని పొండి అని చెప్పింది. నర్సింగం గుమ్మం ముందు కూడా అదే చెప్పింది. అతను గిన్నెలోకి తొంగి చూశాడు. తర్వాత, "మాట మీద నిలబడేటట్టయితె పంపిస్తరు," అన్నాడు. మాట ఇచ్చాక ఆమె ఇంటికి వచ్చి భర్తకు చెప్పింది. ముందు అతన్ని అడిగి తర్వాత మాట ఇవ్వడం ఆమెకు అలవాటు. ఆ రోజు అది తారుమారైంది.

"మరి ఇది చర్చి పని ఎట్లయితది?" అన్నాడు కమలాకర్.

"పిల్లలు తింటున్నరు. చాలదా?"

చివరికి అతను సరేనన్నాడు. పిల్లలు తిరిగి వచ్చారు. ఆమెను చూడగానే "ఖిచిడీ మాసీ", అంటే ఖిచిడీ పిన్నీ, అని గుజరాతీలో అరుచుకుంటూ మెట్లెక్కారు. గుండ్రాల్లో నిలబడ్డ చిన్న చిన్న పాదాలను చూసి సుభాషిణి గుండెల నిండా ఊపిరి తీసుకుంది.

పిల్లలను వీడియో తీయకూడదన్నాక ఫోను ఆమె వైపు తిరిగింది. అలా వచ్చింది ఆ బియ్యం కడిగే వీడియో. రెండోసారి కడుగుతుండగా, ఫోను వెనక నుంచి కమలాకర్ మెత్తటి గొంతుతో సాక్ష్యం చెప్పాడు. "ఈ తల్లికి దేవుడు గర్భఫలం ఇయ్యలేదు. తల్లడిల్లిన హృదయం ఇది. గని చూడుండ్రి, ఇంతమంది పిల్లలకు తల్లిని చేసిండు."

ఆమె చేతులు బియ్యంలో ఆగిపోయాయి. ఏడుస్తుందేమోనని అతను ఫోను ఇంకా దగ్గరికి తెచ్చాడు.

ఆ మధ్యాహ్నమంతా సుభాషిణి వడ్డిస్తూనే ఆ మాట గురించి ఆలోచించింది. తల్లడిల్లిన హృదయం. ఎప్పుడు తల్లడిల్లింది? పెళ్లయిన మూడోయేటి నుంచి ప్రతి కృతజ్ఞతా కూడికలో ఆమెను ముందుకు పిలిచి, మోకాళ్ల మీద కూర్చోబెట్టి, సంఘమంతా చేతులు చాపి ఆమె కడుపు కోసం ప్రార్థన చేసేది. మగవాళ్లు, ఆడవాళ్లు, నిన్నగాక మొన్న మీసాలొచ్చినవాళ్లు కూడా. తలవంచుకుని కూర్చున్న ఆమెకు చెవులు మండేవి. ఆ మంటను అందరూ దుఃఖమనుకున్నారు. ఆమె కూడా అలాగే అనుకుంది, ఎందుకంటే ఇంకేమైనా కావచ్చునని చెప్పినవాళ్లు లేరు. ఊళ్లో అమ్మ బీడీలు చుట్టేది. పెద్దపిల్ల సుభాషిణి చంకలో ఎప్పుడూ ఒక తమ్ముడో చెల్లెలో ఉండేవారు. ఒకరు దిగితే ఇంకొకరు ఎక్కేవారు. బడికి పోతే చంకలో పిల్లతోనే పోయేది, ఆ పిల్ల ఏడిస్తే పాఠం మధ్యలో లేచి వచ్చేసేది. ఒక మనిషి జన్మలో పెంచాల్సినంతమందిని ఆమె పెళ్లికి ముందే పెంచేసింది. సూరత్ వచ్చాక డాక్టరమ్మ పరీక్షలన్నీ చూసి, ఇక కష్టమే అని చెప్పిన రోజు, చిన్నవ్వ దవాఖానా మెట్ల మీద కూలబడి ఏడ్చింది. కమలాకర్ ఆమె భుజం మీద చెయ్యి వేసి, "నీ బాధ నాకు తెల్సు," అన్నాడు. సుభాషిణి మాత్రం ఎదురుగా బండి మీద వేడివేడి లోచో తిన్నది. శనగపిండి పొగలు కక్కుతుంటే పైన నూనె, సేవ్ వేయించుకుని, ఒక ప్లేటు అయ్యాక ఇంకో ప్లేటు అడిగింది. బాధలో మతి పోయి తింటోందని వాళ్లు జాలిపడ్డారు. ఆమె కూడా తన మీద తను జాలిపడింది. కానీ ఆ లోచో ఎంత రుచిగా ఉండిందో! ఇప్పుడు ఈ పిల్లల ప్లేట్లలో గరిటెతో ఖిచిడీ వేస్తుంటే ఆమెకు తెలిసింది, ఆ రోజు తను తిన్నది బాధతో కాదు. ఎవరో వీపు మీది మూట దించినట్టు ఆకలేసింది, తిన్నది. అంతే.

ఈ పిల్లలకు పెడుతుంటే ఆమెకు సంతోషంగానే ఉంది. వాళ్లలో తన పిల్లలను వెతుక్కోలేదు. ఇంత పెద్ద పనిని తను నడపగలదని తెలిసిన సంతోషం అది. దాన్ని కూడా తీసుకుపోయి ఆ ఖాళీ కడుపులోనే వేశాడు కమలాకర్.

సందులు ఆరి, ఇళ్లలో పొయ్యిలు మళ్లీ వెలుగుతున్న రోజుల్లో, వరద నుంచి కాపాడినందుకు కృతజ్ఞతా కూడిక పెట్టారు. మాస్కులు పెట్టుకుని, దూరం దూరంగా కొద్దిమందే వచ్చారు. కమలాకర్ దేవునికి, సిటీ సంఘానికి, సేటుకు వందనాలు చెప్పాడు. తర్వాత, "పాస్టరమ్మ ముందుకు రావాలె. ఈ సంవత్సరం దేవుడు కార్యం చేస్తడు. అందరు చేతులు చాపుండ్రి," అన్నాడు.

సుభాషిణి ముందుకు వెళ్లింది. చాప మీద మోకరించలేదు. అందరికీ ఎదురుగా నిలబడింది.

"ఆగుండ్రి," అంది. "ఈ ప్రార్థన నా కోసం ఇంక చెయ్యకుండ్రి."

"నిరాశపడద్దు," అన్నాడు కమలాకర్ నెమ్మదిగా. "నీ బాధ మాకు..."

"నాకు బాధ లేదు. పిల్లలు కావాలని నాకు ఎన్నడు లేకుండె. ఇన్నేండ్లు నాకే తెల్వలే. ఇప్పుడు తెల్సింది, చెప్తున్న."

చాపిన చేతులు గాలిలో ఉండిపోయాయి. ముందు ఎవరు దించాలో తెలియక ఒకరినొకరు చూసుకున్నారు. సుభాషిణి ఆ చేతులన్నిటినీ ఒకసారి చూసింది. "అంత ప్రార్థన చెయ్యాలనుంటే ఇంకో గ్యాస్ పొయ్యి కోసం చెయ్యుండ్రి. ఒక్క పొయ్యి మీద ఆలస్యమైతున్నది," అంది. వెనక వరసలో ఒకామె మాస్కు లోపల కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు పక్కామెకు అంటుకుంది. చేతులు ఒక్కొక్కటే దిగాయి. కమలాకర్ పాట ఎత్తుకున్నాడు.

గిన్నెలు కడిగే చోట బాలవ్వ ఉంది. మెట్ల దగ్గర నిలబడి అంతా విన్నది. చాలాసేపు పీచుతో అడుగంటిన మెతుకులు గీకి, చివరికి, "నాకు అయిదుగురు," అంది. "నన్ను గూడ ఎవ్వరు అడగలే. వద్దనుకునేటిది ఒకటుంటదని గూడ నాకు తెల్వకుండె." తలెత్తకుండానే గిన్నె బోర్లించింది. సుభాషిణి వెళ్లి ఆమె పక్కన కూర్చుని రెండో గిన్నె అందుకుంది.

ఇంట్లో చిన్నవ్వ రెండు పూటలు మాట్లాడలేదు. మూడో పూట రొట్టె పెట్టుకుని తింటూ, "మీ మామకైతె నేను ఇసొంటి మాట చెప్పకపోదును," అని మాత్రం అంది. అందులో తిట్టుందో ఇంకేముందో సుభాషిణికి తెలియలేదు. కమలాకర్ అడిగాడు, "నాకు ఒక్కనికి చెప్పచ్చు గదా. అందరి ముందట ఎందుకు?"

"అందరి ముందటనే గదా ఇన్నేండ్లు అడిగిన్రు మీరు."

అతను తల దించుకున్నాడు. అలా అడగకపోతే తను మంచి భర్త కాదనుకున్నానని, సంఘం ఏమనుకుంటుందోనని భయపడ్డానని చెప్పాడు. అతని గొంతులో వాక్యం చెప్పే మెత్తదనం లేదు. అందుకే ఆమె నమ్మింది. ఇక ఫోను పట్టుకురావద్దని, రావాలనుంటే చేతులు ఖాళీగా రమ్మని చెప్పింది.

మరునాడు వచ్చాడు. పప్పులో రాళ్లు ఏరమంటే ఏరాడు. అతనికి సరిగా రాదు. బాలవ్వ మళ్లీ ఏరుకుంది.

సాంచాలు పూర్తిగా నడిచి, బడులు తెరిచేదాకా వంట ఆపకూడదని సుభాషిణి నిర్ణయించుకుంది. సిటీ సంఘంతో ఫోనులో తనే మాట్లాడింది. ఏయే సరుకు ఎందుకు కావాలో చెప్పి, వీడియోలు రావని కూడా చెప్పింది. అవతలివాళ్లు సరుకు పంపుతూనే ఉంటామన్నారు. ఫోను పెట్టేసి గోడకు ఆనుకుని కూర్చుంటే, ఎప్పటి నుంచో బిగబట్టిన నడుము సడలినట్టనిపించింది.

అలాంటి ఒక మధ్యాహ్నం ఖటోదరా నుంచి ఆ సందులోకి కొత్తగా దిగిన ఒక చిన్న వయసామె కొడుకు చెయ్యి పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. పిల్లవాణ్ణి గుండ్రంలో నిలబెట్టి, తింటున్న పిల్లలందరినీ ఒకసారి చూసి, మాట కలపడానికన్నట్టు అడిగింది. "వీళ్లల్ల మీ పిల్లలు ఎవరక్కా?"

"ఎవరు లేరమ్మా. వీళ్లందరికి తల్లులున్నరు," అంది సుభాషిణి, ప్లేటు అందిస్తూ. "నేను ఈ వంట నడిపిస్త. నా పేరు సుభాషిణి."