పఠనమందిరం మీది దూలం

నేను ఒక దూలాన్ని. ఒకే చెట్టుకు పుట్టానని చెప్పుకునే అదృష్టం నాకు లేదు. చింతపల్లి కొండల్లో కాఫీ మొక్కలకు నీడ కోసం సిల్వర్ ఓక్ చెట్లు పెంచుతారు. వాటి మీదికి మిరియాల తీగ పాకిస్తారు. ముదిరిన చెట్లను కొట్టినచోట కొత్త మొక్కలు నాటుతారు. అలా ఏయే తోటల్లోంచో కొండ దిగివచ్చిన చెట్లను పలకలుగా కోసి, ఎండబెట్టి, చెద పట్టకుండా మందు ఎక్కించి, జిగురు రాసి ఒకదాని మీద ఒకటి పేర్చి, పెద్ద ప్రెస్సులో బిగిస్తే నేనయ్యాను. నాలో ఒక పలకకు పొగమంచు గుర్తు, పక్క పలకకు మిరియాల ఘాటు గుర్తు. ఇన్ని తోటల ఒళ్ళు కనుకనేమో, నాకు ప్రతిదాని మీదా ఆరా ఎక్కువ. మనుషుల మీద మరీ.

కొండ కింది పట్నంలో కొత్త గ్రంథాలయం కడుతున్నారనీ, దాని పఠనమందిరం కప్పు మోయడానికి నన్ను చేశారనీ వర్క్‌షాపులో మాటలు విని తెలుసుకున్నాను. సిమెంటూ ఇనుమూ తగ్గించి కర్రతో కడదామని పట్టుబట్టింది ఆర్కిటెక్టు హిమజ. చూడవచ్చిన వాళ్ళందరికీ నా మీద చెయ్యి వేసి చెప్పేది: "చెట్టు పెరిగేటప్పుడు గాలిలోంచి పీల్చుకున్న కార్బనంతా ఇందులోనే ఉందండి. ఈ బిల్డింగు నిలబడినన్నాళ్ళూ అది మళ్ళీ గాలిలో కలవదు." అప్పటిదాకా నేను కర్రనే అనుకున్నాను. మంచిపనిని కూడానని అప్పుడే తెలిసింది.

ఆ మంచిపని మాట నూకరత్నం గారి దగ్గర మాత్రం చెల్లలేదు. ఆవిడ ఆ ఊరి లైబ్రేరియన్. ఒకనాటి ఉదయం వర్క్‌షాపుకి వచ్చి, గొడుగు మడవకుండానే గుమ్మంలో నిలబడి నన్ను ఎగాదిగా చూసింది.

"ఏటమ్మా, మళ్ళీ కర్రేనా?"

ఎందుకలా అందో ఆవిడే చెప్పింది. పాత గ్రంథాలయం పెంకుటిల్లు. ఒక మధ్యాహ్నం కరెంటు తీగలు రాసుకుని నిప్పు లేచింది. సన్నటి వాసాలు, పుస్తకాల అరలు గబగబా అంటుకున్నాయి. ఉన్నది ఒకే గుమ్మం. అటెండరు ఎర్రయ్య చదువుకునే వాళ్ళందర్నీ బయటికి తోలేసరికి ఆ గుమ్మమూ అంటుకుని, తను లోపల ఉండిపోయాడు. జనం కిటికీ ఊసలు పెకలించి అతన్ని లాగారు. ప్రాణం దక్కింది గానీ, ఊసలు పట్టుకున్న చేతులు కాలి ముడుచుకుపోయాయి. వేళ్ళు మళ్ళీ పూర్తిగా సాగలేదు. గ్రంథాలయం ఇప్పుడు అద్దె గదిలో నడుస్తోంది. ఉద్యోగం వదిలేసిన ఎర్రయ్య రోజూ వస్తాడు గానీ లోపలికి రాడు. మెట్టు మీద నిలబడే పేపరు చదువుకుని పోతాడు.

"పుస్తకాలు పోతే మళ్ళీ కొనుక్కుంటాం. ఆ మనిషి చేతులు ఎవరు తెచ్చిస్తారు?" అంది నూకరత్నం గారు.

హిమజ నా మీద చెయ్యి వేసి, "మీ ఎదురుగానే కాల్చి చూపిస్తానండి," అంది.

కాల్చడానికి ముక్క కావాలి కదా. నా చివర మిగులుగా ఉన్న భాగాన్నే కోశారు. నన్నెవరూ అడగలేదు. పెరట్లో ఇటుకల మీద దాన్ని పెట్టి గ్యాసు మంట వదిలారు. నా ఒంట్లోని ముక్క కాలడం నేనే చూశాను. మొదట భగ్గుమంది. నల్లబడింది. పగుళ్ళు వేసింది. ఆ తర్వాత మంట ఎంత ఊదినా లోపలికి తొందరగా పోలేక పైపైనే పాకులాడింది. నాకే ఆశ్చర్యం వేసింది. చివరికి నీళ్ళు చల్లి, రంపంతో అడ్డంగా కోశారు. చుట్టూ బొగ్గు. నడుమ లేత గోధుమరంగు కర్ర, నిన్న కోసినంత తాజాగా.

"సన్న వాసమైతే క్షణాల్లో పోతుందండి. లావు దూలానికి పైన బొగ్గు పొర కడుతుంది. ఆ పొరే లోపలి కర్రని కాపాడుతుంది," అంది హిమజ.

"అయితే కాలదంటావు."

"కాలుతుందండి. నెమ్మదిగా కాలుతుంది."

నూకరత్నం గారు అప్పుడు గొడుగు మడిచింది. "నిజం చెప్పావు. సరే, నీ దూలం నిలబడింది. దాని కింద మనిషి సంగతేటి? కప్పు నిలబడీ మనిషి బయటికి రాలేకపోతే ఏటి లాభం?"

హిమజ బిల్డింగు నక్షా పరిచింది. ముందు ఒక పెద్ద ద్వారం. మిగతా మూడు వైపులా ఎండ పడకుండా నిలువు కర్రపట్టీలు, వరసగా, వీణ తీగల్లా. ఆ పట్టీలంటే హిమజకు ఎంత ముద్దో వర్క్‌షాపులో అందరికీ తెలుసు.

"ఇవి ఊసలే కదా?" అంది నూకరత్నం గారు.

"కాదండీ, నీడ కోసం. వెలుగు చక్కగా వడపోసినట్టు..."

"బయటున్న దానివి నీకు నీడ. లోపలున్న వాడికి ఊసలే."

హిమజ మొహం కందిపోయింది. నక్షా చుట్టుకుని వెళ్ళిపోయింది. ఇక నా గతి ఏ కట్టెల అడితికో అనుకున్నాను. మనుషులు తాము గీసిన గీతని చెరపడానికి ఎంత బాధపడతారో నాకప్పుడే తెలిసింది.

కొన్ని వారాలకు ఆమె తిరిగి వచ్చింది, ఒక నమూనా తలుపుతో. పట్టీలు అలాగే ఉన్నాయి, కానీ ప్రతి వరసా ఇప్పుడు ఒక తలుపు. మూడు వైపులా, బయటికి తెరుచుకునేవి. నూకరత్నం గారు చేత్తో ముట్టుకోలేదు. మోచేత్తో నెట్టింది. రాలేదు.

"పిడి తిప్పాలండి," అంది హిమజ.

"పిడి ఒద్దు. మోచేత్తో నెడితే రావాలి."

హిమజ ఎందుకని అడగబోయి ఆగింది. ఎర్రయ్య చేతుల సంగతి గుర్తొచ్చినట్టుంది. "మారుస్తానండి," అంది మెల్లగా.

అలా నేను గోడలెక్కాను. ప్రారంభం నాడు అందరూ నన్ను చూసి మెచ్చుకున్నారు. తలుపుల గురించి ఎవరూ మాట్లాడలేదు. ఎర్రయ్య బయటే నిలబడి తల ఎత్తి చూసి, వెళ్ళిపోయాడు. నూకరత్నం గారు రమ్మని పిలవలేదు. మర్నాటి నుంచి పేపరు మెట్ల దగ్గరికే తీసుకెళ్ళి ఇచ్చేది.

ఒక ఉదయం అతను చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. కుర్చీల వైపు చూడలేదు. నేరుగా తూర్పు తలుపు దగ్గరికి వెళ్ళి మోచేత్తో నెట్టి, బయటికి పోయాడు. చుట్టూ తిరిగి వచ్చి పడమటి తలుపు నెట్టాడు. మళ్ళీ వచ్చి వెనక తలుపు నెట్టాడు. పేపర్లు చదివే వాళ్ళంతా తలలెత్తి చూస్తున్నారు. నాకే ఊపిరుంటే అదీ ఆగిపోయేది. ఆఖరికి తలుపు పక్కనున్న కుర్చీ మోచేత్తో జరుపుకుని, "ఇక్కడ కూకుంటాను రత్నమ్మగారూ," అన్నాడు.

"కూకో ఎర్రయ్యన్నా," అందావిడ, తల ఎత్తకుండా. తల ఎత్తితే తడిసిన కళ్ళు కనబడతాయని కాబోలు.

వానలు మొదలయ్యాయి. తలుపు పక్క జల్లు కొట్టి పేపరు తడుస్తోందని అతను ఒక వరస లోపలికి జరిగాడు. ఎండలొచ్చాయి, ఫ్యాను గాలి కోసం ఇంకో వరస జరిగాడు. పిల్లలు కథల పుస్తకాలు పట్టుకుని అర్థం కాని మాటలు అడగడానికి అతని బల్ల చుట్టూ చేరడంతో ఇంకాస్త లోపలికి వచ్చాడు.

మొన్న సరిగ్గా నా కింద, గది నట్టనడుమ, ఏ తలుపు వైపూ చూడకుండా కూర్చున్నాడు. చదువుతూ చదువుతూ పేపరు మొహం మీద వేసుకుని నిద్రపోయాడు. సన్నగా గురక కూడా.

ఇక్కడ నిద్రపోరాదని గోడ మీద బోర్డుంది. రాయించింది నూకరత్నం గారే. పక్క బల్ల పెద్దమనిషి విసుక్కుంటూ లేపబోతుంటే, ఆవిడ గబగబా వచ్చి, వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది. పేపరు ఎగిరిపోకుండా ఫ్యాను తగ్గించి, అడుగుల చప్పుడు కాకుండా వెనక్కి వెళ్ళిపోయింది.