పెళ్ళికొడుకు గడ్డం, రెండు గీతలు

వైరస్ లేదు అన్న మాట డాక్టర్ మెర్వత్ నోటినుంచి పూర్తిగా రాకముందే బయ్యూమీ కాగితం అందుకుని ఆరోగ్య కేంద్రం మెట్లు దిగేశాడు. “ఉస్తా, ఆగు! ఇంకో మాట ఉంది, విని పో!” అని ఆమె కిటికీలోంచి కేకేసింది. వినే స్థితిలో ఉంటేగా! అరవై ఏళ్ళకు చేరువైన మనిషి, కాలవగట్టు మీద ఒక చెప్పు ఊడిపోతే దాన్ని చేత్తో పట్టుకుని మరీ పరిగెత్తాడు.

కఫ్ర్ షలబీ అనే ఆ పల్లెలో ఆయన్ని అందరూ ఉస్తా అనే పిలుస్తారు. పనిలో చెయ్యి తిరిగినవాడికి దక్కే గౌరవం అది. నైలు కాలవ పక్కనే ఆయన సెలూను. ఆ ఊళ్ళో మగపిల్లాడి తొలి జుట్టయినా, పెళ్ళినాటి గడ్డమయినా ఆయన చేతిమీదుగా దిగాల్సిందే. పెళ్ళికొడుకుని ఇంటిముందు వీధిలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, డప్పులూ సన్నాయిలూ మోగుతుంటే, ఊరంతా చూస్తుండగా గడ్డం గీయడం ఆనవాయితీ. ఆ పూట పెళ్ళికొడుకు తరవాత దర్జా అంతా ఉస్తాదే.

ఆ దర్జా చలికాలంలో మట్టిగొట్టుకుపోయింది. ప్రభుత్వం ఊరూరా వేసిన రక్తపరీక్షల డేరాలో వేలు గుచ్చితే పరీక్ష పట్టీ మీద రెండు గీతలు పడ్డాయి. ఒక్కటే పడితే భయం లేదు, రెండయితే అనుమానం. తరవాత చేతినుంచి రక్తం తీసి చేసిన పెద్ద పరీక్షలో హెపటైటిస్ సి వైరస్ ఒంట్లో కాపురం పెట్టిందని తేలింది. ఎక్కడ అంటిందో ఎవరు చెప్పగలరు? ఆయన ఈడు పిల్లలంతా కాలవలో ఈది, కాలవ పురుగు జబ్బు తెచ్చుకుని, బడిలో వరసగా నిలబడి సూదిమందు వేయించుకున్నవాళ్ళే. అప్పట్లో సూది ఒకటే, చేతులు బోలెడు.

ఆయన దాచలేదు. అదే మీరు చేసిన తప్పు అని భార్య నజాత్ ఇప్పటికీ దెప్పుతుంది. తాతలనాటి కత్తిని పెట్టెలో పెట్టేసి, ప్రతి గడ్డానికీ ఎదుటివాడి కళ్ళముందే కొత్త బ్లేడు విప్పడం మొదలుపెట్టాడు. ఎందుకని అడిగినవాడికల్లా కారణం చెప్పాడు. బ్లేడు కొత్తదయితే భయం లేదనీ, కలిసి తింటేనో చెయ్యి కలిపితేనో అంటుకునే రోగం కాదనీ డాక్టరమ్మ చెప్పింది గానీ, వినేదెవరు? జనం సెలూనుకి వచ్చేవారు, టీ తాగేవారు, కబుర్లు చెప్పేవారు. కుర్చీలో మాత్రం కూర్చునేవారు కాదు.

మూడు నెలలు మాత్రలు మింగాడు. తలనొప్పి, మధ్యాహ్నమయ్యేసరికి కాళ్ళు పీకేసే నీరసం. సగంలో రంజాన్ వచ్చింది. డాక్టరమ్మ సరేనన్నాక, సాయంత్రం మసీదు బాంగు వినపడి ఉపవాసం విడవగానే ఖర్జూరంతోపాటు మాత్ర వేసుకునేవాడు. తీపి తింటే కాలేయం బాగుపడుతుందని నజాత్ గిన్నెలకొద్దీ చెరకు పాకం పోసింది. పక్కింటి ముసలమ్మ అయితే ఒకరోజు బతికున్న పావురాన్నే పట్టుకొచ్చింది.

“దీన్ని బొడ్డు మీద కూర్చోబెట్టు నాయనా. రోగమంతా పీల్చేసి అదే చచ్చిపోతుంది.”

“పావురం ఉండాల్సింది బొడ్డు మీద కాదు పిన్నీ, కడుపులో. గోధుమరవ్వ కూరి వేయించుకురా, అప్పుడు చూడు దాని మహిమ!”

ముసలమ్మ తిట్టుకుంటూ పోయింది. సాయంత్రానికి వేయించి మరీ తెచ్చింది.

ఇంత ఓర్చుకున్నది ఒక్క ఆశతోనే. హాజీ అబ్దుల్ గఫార్ కొడుకు మహ్రూస్ పెళ్ళి పత్తి తీతలు అయ్యాక అనుకున్నారు. హాజీ, బయ్యూమీ బడిలో ఒకే బెంచీ. మహ్రూస్ తొలి జుట్టు తీసిన రోజున, ‘ఒరే, నీ పెళ్ళి గడ్డమూ నాదేరా’ అని ఆ పసివాడికి మాటిచ్చాడు బయ్యూమీ. పిల్లల్లేని తనకి వాడే కొడుకు. అలాంటిది, హాజీ పట్నం నుంచి ఇంకో సెలూన్ అతన్ని మాట్లాడేశాడు. రేపే పెళ్ళి. మాత్రలు అయిపోయిన మూడు నెలలకి చేసిన ఆఖరి పరీక్ష ఫలితం ఇవాళే వచ్చింది. మరి పరిగెత్తడా మనిషి?

నజాత్ కాగితం చూడలేదు, మొగుడి ముఖం చూసింది. వెంటనే నాలుక ఆడిస్తూ జగ్రూతా అందుకుంది. శుభవార్తకి ఆడవాళ్ళు తీసే ఆ కూత ఈ మేడ మీంచి ఆ మేడకి పాకి, వీధి చివరికి వెళ్ళేసరికి ఎవరికి ఏం శుభమో తెలియకుండానే అందరూ కూస్తున్నారు. బయ్యూమీ అక్కడ ఆగలేదు. తిన్నగా కాఫీ కొట్టుకి వెళ్ళి, హాజీ ముందు బల్ల మీద కాగితం పరిచాడు.

“చదువు! వైరస్ లేదు. రేపు పిల్లాడి గడ్డం నేనే గీస్తా.”

హాజీ కళ్ళజోడు పెట్టుకుని నిదానంగా చదివాడు. మనసులో సంతోషించే ఉంటాడు, కానీ ఆ పైన భయం కూర్చుంది.

“నీ పేరుంది, ముద్ర ఉంది. కాదనను. కానీ అది నా కొడుకు మెడరా. కాగితాన్ని నమ్మి కత్తి కిందికి పంపమంటావా?”

“కాగితం వద్దయితే నా వేలు చూడు!” బయ్యూమీ గొంతు వీధిలోకి వినపడింది. “అదిగో, మసీదు ముందు డేరా మళ్ళీ వేశారు. అందరూ రండి! అందరి ముందూ గుచ్చించుకుంటా. ఒక్క గీతే పడితే రేపు కుర్చీ నాది. సరేనా?”

“సరే” అన్నాడు హాజీ. చుట్టూ ఉన్నవాళ్ళు ఈల వేశారు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడం అంటే ఇదే, కానీ అప్పుడది ఎవరికీ తోచలేదు. టీ గ్లాసులు పట్టుకునే డేరాదాకా ఊరేగింపుగా వెళ్ళారు.

డేరాలో నర్సు అడిగింది. “ఉస్తా, మీకు వైద్యం అయిపోయింది కదా? అలాంటివాళ్ళకి ఈ పరీక్ష…”

“కబుర్లు తరవాత తల్లీ, ముందు గుచ్చు!”

ఆమె నిట్టూర్చి గుచ్చింది. తరవాత హాజీ వైపు తిరిగింది. “పెద్దాయనా, మీరు చలికాలంలో రాలేదుగా? మీరూ కూర్చోండి.” అందరూ నవ్వుతూ హాజీ భుజాలు పట్టి కూర్చోబెట్టారు. కొడుకు పెళ్ళి ముందురోజు, పైగా ఊరంతా చూస్తోంది. వద్దంటే పిరికివాడంటారు. ఆయనా వేలు చాపాడు.

అందరి కళ్ళూ బయ్యూమీ పట్టీ మీదే. ఒక గీత వచ్చింది. “వచ్చేసింది, అయిపోయింది!” అని ఎవరో చప్పట్లు కొట్టారు. బయ్యూమీ చేతులు పైకెత్తాడు. ఆ చేతులు అలా గాల్లో ఉండగానే రెండో గీత మెల్లగా తేలింది.

చప్పట్లు ఆగిపోయాయి. ఒక్కొక్కరే అడుగు వెనక్కి వేశారు. నర్సు ఏదో చెప్పబోయింది కానీ, “పోలేదు, పోలేదు!” అన్న గోలలో ఆమె గొంతు కలిసిపోయింది. బయ్యూమీ ఎత్తిన చేతులు దించేశాడు. హాజీ ఏదైనా అంటాడేమోనని చూశాడు. హాజీ మాత్రం తన పట్టీని రుమాల్లో చుట్టి, అంగీ జేబులో కుక్కుకుని, “పెళ్ళి పనులున్నాయి” అంటూ గబగబా వెళ్ళిపోయాడు.

బయ్యూమీ మళ్ళీ ఆరోగ్య కేంద్రం మెట్లెక్కాడు. ఈసారి పరుగు లేదు. విషయం విన్న డాక్టర్ మెర్వత్ నెత్తి కొట్టుకుంది.

“నువ్వు పారిపోతుంటే నేను కేకలు పెట్టింది ఇందుకే కదయ్యా! కూర్చో. చెప్పులు విప్పు, మళ్ళీ లేచిపోకుండా.”

నిజంగానే విప్పాడు.

“నీ ఒళ్ళు ఒక ఇల్లనుకో. దొంగ పడ్డాడు, కుక్క మొరిగింది. మాత్రలు వేసి దొంగని తరిమేశాం. కుక్క ఊరుకుంటుందా? ఆ వాసన గుర్తుపెట్టుకుని మొరుగుతూనే ఉంటుంది. వేలు గుచ్చే పరీక్ష వినేది ఆ మొరుగుడే. లోపల దొంగ ఉన్నాడా లేడా అని గదిగదీ వెతికేది చేతినుంచి రక్తం తీసే పరీక్ష. అది నీ ఒంట్లో దొంగ లేడని చెప్పింది. నీ రోగం పోయింది ఉస్తా. పోయింది!”

“మరి ఆ రెండు గీతలు?”

“చాలామందికి జన్మంతా అలాగే పడతాయి. నువ్వు ఆ పరీక్ష మళ్ళీ చేయించుకోనక్కర్లేదు. అందులోనూ ఊరందరి ముందు అసలే వద్దు.”

“అయిపోయిందమ్మా.”

“ఇంకోటి. కుక్క ఉంది కదా అని తలుపు తీసిపెట్టుకోకు. దొంగ మళ్ళీ రావచ్చు. కొత్త బ్లేడు మానకు.”

బయ్యూమీకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఒంట్లో రోగం లేదు. ఊరి కళ్ళల్లో మాత్రం ఉంది, అక్కడ పెట్టింది తానే. ఇంటింటికీ తిరిగి కుక్క కథ చెబితే ఎవరు నమ్ముతారు? కుక్కని చూపించమంటారు.

మర్నాడు మధ్యాహ్నం హాజీ వీధిలో డప్పులు మొదలయ్యాయి. బయ్యూమీ సెలూను తలుపు ఓరగా వేసి, అద్దం తుడిచిందే తుడుస్తున్నాడు. “డేరాకి ఊరేగింపు కట్టుకుని వెళ్ళిందెవరు? మీరు కాదా?” అని నజాత్ సణిగి, తనకే ఏడుపొచ్చి లోపలికి పోయింది.

తలుపు కిర్రుమంది. కొత్త అంగీ, మెడలో తెల్లటి కండువా, అరచేతిలో గోరింట ఎరుపుతో హాజీ నిలబడి ఉన్నాడు. వెనక్కి చూసి తలుపు వేశాడు. జేబులోంచి రుమాలు తీసి అద్దం ముందు బల్ల మీద విప్పాడు. పట్టీ మీద రెండు గీతలు.

“నిన్న నీది చూస్తూ అందరూ నాది చూడలేదు” అన్నాడు. “ఒరే బయ్యూమీ, నిజం చెప్పు. ఇది నీ కత్తినుంచి వచ్చిందా?”

ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారని ఆయన చలికాలం నుంచీ భయపడుతూనే ఉన్నాడు. అడిగినవాడు హాజీ అవుతాడనుకోలేదు.

“రావచ్చు” అన్నాడు. “నీ గడ్డం గీసిన కత్తినుంచి నాకూ రావచ్చు. బడిలో సూది వరసలో నా ముందు నువ్వు నిలబడ్డావు, గుర్తుందా? అక్కడ ఇద్దరికీ ఒక్కసారే రావచ్చు. అల్లా తోడు, నాకు తెలీదురా. తెలిస్తే ముందు నీకే చెప్పేవాణ్ణి.”

హాజీ కుర్చీలో కూలబడ్డాడు. ఊరంతా తప్పించుకు తిరిగిన కుర్చీ అది.

“అయితే నాదీ నీలాగే మొరుగుడేనా? నిన్న సాయంత్రం డాక్టరమ్మ కాఫీ కొట్టుకొచ్చి చెప్పింది, కుక్కా దొంగా అని. ఎవరూ పట్టించుకోలేదు. నేను విన్నా.”

అవునంటే ఎంత హాయి! కొడుకు పెళ్ళిరోజున మనిషి నవ్వుతూ ఇంటికి పోతాడు. బయ్యూమీ నోటిదాకా వచ్చిన ఆ మాట మింగేశాడు.

“నేను దొంగని తరిమినవాణ్ణి. నువ్వు ఇంకా తలుపే తీసి చూడలేదు. ఉన్నాడేమో, లేడేమో. కొందరికి దానంతటదే పోతుందట. పెద్ద పరీక్ష చేస్తేనే తెలిసేది. ఉంటే మూడు నెలల మాత్రలు. నన్ను చూడు, చచ్చానా?”

“వాంతులు అవుతాయా?”

“నాకు కాలేదు. నీరసం మాత్రం ఉంటుంది. పక్కింటి పిన్ని పావురాలు తెస్తుంది, కాదనకు.”

హాజీ నవ్వబోయి ఏడ్చేశాడు. బయ్యూమీ తువ్వాలు అందించాడు. బయట సన్నాయి జోరందుకుంది, పెళ్ళికొడుకు తండ్రి ఎక్కడ అని ఎవరో అరుస్తున్నారు. హాజీ ముఖం తుడుచుకుని లేచాడు. “నీ పెట్టె తీసుకో” అన్నాడు.

వీధిలో పట్నం సెలూన్ అతను అప్పటికే సబ్బు నురగ చేస్తున్నాడు. హాజీ అతని భుజం తట్టాడు. “నాయనా, ఇవాళ నువ్వు మాకు చుట్టానివి. కూర్చుని భోంచెయ్యి.” బయ్యూమీని చూడగానే మహ్రూస్ కుర్చీలోంచి ఎగిరి లేచి, “మావయ్యా!” అని కావలించుకున్నాడు. జనంలో గుసగుసలు బయలుదేరాయి. నిన్న రెండు గీతలు కదా, అని ఒకడు పైకే అనేశాడు.

హాజీ కొడుకుని పక్కకి జరిపి, ఆ కుర్చీలో తానే కూర్చున్నాడు. కండువా తీసి, గడ్డం పైకెత్తి, మెడ చాపాడు.

“ముందు నాది గియ్యి” అన్నాడు అందరికీ వినపడేలా. “చూసేవాళ్ళు చూసుకోండి!”

డప్పులు ఆగాయి. బయ్యూమీ స్పిరిట్‌తో చేతులు తుడుచుకుని, కొత్త బ్లేడు కాగితం అందరికీ కనపడేలా విప్పాడు. ఒక మేడ మీంచి నజాత్ జగ్రూతా తీసింది, ఇంకో మేడ అందుకుంది, డప్పులు మళ్ళీ విరుచుకుపడ్డాయి. మహ్రూస్ తన వంతుకోసం అంగీ గుండీలు విప్పుకుంటూ చిన్నపిల్లాడిలా గెంతుతున్నాడు. ఆ సంబరంలో బయ్యూమీ హాజీ చెంపలకి నురగ పూశాడు.

ఆ గోలలో హాజీ ఆయన చెవికి మాత్రమే వినపడేలా అన్నాడు. “ఈ బ్లేడు జాగ్రత్తగా పారెయ్‌రా. నీ రోగానికి భయపడి కాదు, నాకు ఉందేమోనని. మావాడికి తగలకూడదు.”

“డబ్బాలో వేసి మూత పెడతాలే. శనివారం పొద్దున్నే తయారుగా ఉండు, ఆరోగ్య కేంద్రానికి నేనూ వస్తా.” బయ్యూమీ హాజీ చెంప మీది నురగని బ్లేడుతో మెల్లగా తీశాడు. “ఒక్కటి గుర్తుపెట్టుకో. డాక్టరమ్మ ఇంకో మాట ఉందంటే, నాలాగా పరిగెత్తకు.”