అనుకోకుండా, సాయంత్రం నాలుగింటికి

మంగళవారం సాయంత్రంలోగా చేయాల్సిన పనులు ఇవి. అక్కకి తల దువ్వి పసుపు చొక్కా తొడగాలి. నర్సుని బతిమాలి చక్రాల కుర్చీ తెచ్చుకోవాలి. గేటు దగ్గర గార్డుతో మాట్లాడాలి, ఎందుకంటే రోగికి తోడుగా ఒక్కరినే లోపలికి పంపుతారు, మాకేమో ఓ గుంపు కావాలి. మూడో అంతస్తులో ఎక్స్‌రే గది ముందు బెంచీ ఖాళీగా ఉండేట్టు చూడాలి. పూరింగ్ అత్త చేతికి అరటిపళ్ళ సంచీ ఇవ్వాలి, బాదోంగ్ మామయ్యకి చంకకర్ర సంపాదించాలి. లుసేనా ఊరి బస్సు దిగగానే డెల్ఫిన్ అన్నకి ముందు ఏదైనా తినిపించాలి, ఖాళీ కడుపుతో ఉంటే ఆయనకి చేతులు వణుకుతాయి. అన్నిటికన్నా ముఖ్యం, ఇదంతా అనుకోకుండా జరిగినట్టు ఉండాలి.

నేను గవర్నమెంటు హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటిదాన్ని. ఏ పనైనా ముందు కాగితం మీద పెట్టుకోకపోతే నాకు కాళ్ళూ చేతులూ ఆడవు. నన్ను చదివించింది మా అక్క జెనాయిదా. అందరూ జేనీ అనేవాళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. కుబావోలో మా అద్దె గది నుంచి తెల్లారకముందే రెండు మూడు జతల బట్టలు సంచీలో సర్దుకుని షూటింగులకి వెళ్ళేది. మనీలాలో తీసే ప్రేమ సినిమాల్లో జూనియర్ ఆర్టిస్టు.

ఆ సినిమాలు మీరూ చూసే ఉంటారు. వానలో ఒకే గొడుగు కోసం ఇద్దరు చెయ్యి చాస్తారు. జీప్నీ అనే షేర్ బండిలో డ్రైవరుకి ఛార్జీ అందిస్తుంటే వేళ్ళు తగులుతాయి. ఫోన్ నంబర్లు తీసుకోకుండా విడిపోయి, రాసిపెట్టి ఉంటే మళ్ళీ కలుస్తాం అనుకుంటారు. కలుస్తారు కూడా. వాళ్ళు ఢీకొన్న ప్రతిసారీ వెనక ఓ నలుగురు నడుస్తుంటారు. ఆ నలుగురిలో ఒకతె మా అక్క.

ఆ పనికి నియమాలున్నాయి. కెమెరా వంక చూడకూడదు. కంటికి కొట్టొచ్చే ఎరుపు వేసుకోకూడదు. హోటల్ సీన్లో ఎదురెదురుగా కూర్చోబెడితే మాట్లాడుతున్నట్టు పెదాలు కదపాలి గానీ గొంతు బయటికి రాకూడదు, వస్తే హీరోయిన్ డైలాగు పాడవుతుంది. అక్కకి ఎదురుగా ఎప్పుడూ డెల్ఫిన్ అన్నే ఉండేవాడు. పొడుగ్గా, సన్నగా, నుదుటి మీద జుట్టు పలచబడ్డ మనిషి. మిగతావాళ్ళు ఊరికే పెదాలాడించేవాళ్ళు. వీళ్ళిద్దరూ చప్పుడు లేకుండా నిజంగానే మాట్లాడుకునేవాళ్ళు. అతని తల్లి కీళ్ళనొప్పులు, నా పరీక్షలు, పొద్దున పెట్టిన గంజిలో అల్లం ఎక్కువైన సంగతి, అన్నీ. షాటు అయిపోయి ఇక నోరు విప్పొచ్చు అనగానే ఇద్దరికీ సిగ్గు ముంచుకొచ్చేది.

మొదటిసారి కలిసిన సాయంత్రమే, తిరుగు వ్యానులో అతను నంబరు అడిగాడు. అక్క ఇవ్వలేదు.

“పొద్దుట్నుంచి మనం చేసిన సీనేమిటి? వాళ్ళు నంబర్లు తీసుకున్నారా?” అంది. “రాసిపెట్టి ఉంటే మళ్ళీ ఒకే షూటింగుకి పిలుస్తారు.”

“పిలవకపోతే?”

“పిలవకపోతే లేదు. నువ్వు నన్ను వెతకొద్దు, నేను నిన్ను వెతకను. ఒట్టు?”

“ఒట్టెయ్యరా బాబూ, ట్రాఫిక్ కూడా కదలట్లేదు నీ కోసం,” అని వెనక సీట్లో పూరింగ్ అత్త పక్కన కూర్చున్న తోటి ఆర్టిస్టు బాదోంగ్ మామయ్య అరిచాడట. వ్యానంతా గొల్లుమంది. అతను ఒట్టేశాడు.

ఆ వారమే ఇద్దరికీ ఒకే షూటింగుకి పిలుపొచ్చింది. ఒకే బల్ల. తర్వాత ఏళ్ళ తరబడి అదే వరస. ప్రతి పిలుపూ అక్కకి పైనుంచి వచ్చిన మాటే. అసిస్టెంట్ డైరెక్టరు చెయ్యి ఊపితే తప్ప హీరో మలుపు తిరగడని రోజూ కళ్ళారా చూసే మనిషి, తన దగ్గరికొచ్చేసరికి నమ్మేసింది.

తర్వాత ఉన్నట్టుండి ఆ పిలుపులు ఆగిపోయాయి. అక్కకి పని దొరికేది, వెళితే ఎదుటి కుర్చీలో ఇంకెవరో ఉండేవారు. కొన్నాళ్ళకి డెల్ఫిన్ అసలు మనీలాలోనే లేడని ఎవరో అన్నారు.

“ఎవర్నైనా అడుగు అక్కా,” అన్నాను.

“ఒట్టు పెట్టిందే నేను కదా వెంగ్. రాసిపెట్టి లేదు, అంతే. నువ్వు అన్నం తిను.”

ఈ వానాకాలం, క్యాన్సర్ కాలేయానికి పాకిందని డాక్టరు చెప్పాక, ఓ మధ్యాహ్నం అక్క వార్డు కిటికీ వైపు తిరిగి పడుకుని, “ఒక్కసారి చూస్తే బాగుండు,” అంది. ఎవర్నని నేను అడగలేదు.

“పిలిపిస్తాను.”

“పిలిస్తే వస్తాడు. చచ్చిపోతోందట పాపం అని వస్తాడు. అలా వద్దు. ఎదురుపడితే పడాలి, లేకపోతే లేదు.”

వాళ్ళంతట వాళ్ళు ఎదురుపడే రోజులు ఇంక మిగల్లేదు. మర్నాడు స్కూలుకి సెలవు పెట్టి ఇసింగమ్మ దగ్గరికి వెళ్ళాను. జూనియర్ ఆర్టిస్టులకి పని చూపించే ఏజెంటు ఆవిడ. పక్షవాతంతో కుడివైపు పడిపోయి, మరికినాలో కొడుకు ఇంట్లో ఉంటోంది.

“డెల్ఫినా? లుసేనాలో చెల్లెలి నూడుల్స్ కొట్టు చూసుకుంటున్నాడు,” అంది. “మీ అక్కకేం రోగం, ఇన్నేళ్ళు నన్నడక్కుండా?”

ఏం రోగమో చెప్పాను.

“రాసిపెట్టి ఉన్నన్నాళ్ళు కలిశాం అంటుంది అక్క. ఆ తర్వాత విధి...”

“విధా?” ఎడమచేత్తో కుడిచెయ్యి ఎత్తి నా ముందు పెట్టింది. వేళ్ళు ముడుచుకుపోయి ఉన్నాయి. “ఇదిగో మీ అక్క విధి. ఈ వేలే. ముందు జేనీకి ఫోన్ నొక్కేదాన్ని, వెంటనే వాడికి. షూటింగువాళ్ళు ఒక్క ఆడమనిషి చాలన్నా వినేదాన్ని కాదు, ఆమెకి ఎదురుగా ఓ మగాడు లేకపోతే బల్ల బోసిగా ఉంటుందయ్యా అని పోట్లాడేదాన్ని. పెళ్ళిలో ముందు వరసలో కూర్చుందామని నా ఆశ. ఇది పడిపోయాక పనంతా ఎవరిదో ఆఫీసుకి పోయింది. వాళ్ళు కంప్యూటర్లో ఫొటోలు చూసి పిలుస్తారు. ఎవర్ని చూసి ఎవరు నవ్వుతారో దానికేం తెలుసు?”

“మరి వాళ్ళకి చెప్పలేదా?”

“చెబితే సరదా ఏముంటుందే? అయినా అంత మొద్దులనుకోలేదు. ఈపాటికి పిల్లలు పుట్టి ఉంటారనుకున్నాను.” ఆవిడకి ఒక్క కంట్లోంచే నీళ్ళు కారుతున్నాయి. మోచేత్తో తుడుచుకుని, “టీచరమ్మా, పెన్ను తియ్యి. ఇంకొక్క షాటు తీద్దాం,” అంది.

మొదట్లో మీరు చదివిన పనులన్నీ ఆవిడ చెబుతుంటే రాసుకున్నవే.

మంగళవారం అన్నీ అనుకున్నట్టు జరగలేదు. నాలుగింటికి నేను కుర్చీ తోసుకుంటూ మలుపు తిరిగేసరికి నిజమైన స్ట్రెచరు ఒకటి అడ్డం వచ్చింది. మెట్ల మీంచి అప్పుడే దిగిన డెల్ఫిన్ అన్న కంగారుపడి మళ్ళీ పైకెక్కేశాడు. వరండా చివర ఇసింగమ్మ ఎడమచేతిలో తెల్ల చేతిరుమాలు పట్టుకుని కూర్చుంది. స్ట్రెచరు వెళ్ళిపోయింది. ఇక మొదలుపెట్టమన్నట్టు రుమాలు ఆడించింది.

పూరింగ్ అత్త అరటిపళ్ళతో మా ముందు నుంచి వెళ్ళింది. బాదోంగ్ మామయ్య కుంటుకుంటూ ఎదురొచ్చాడు. నీలం చొక్కాలో డెల్ఫిన్ అన్న మెట్లు దిగి, నాలుగడుగులేసి, ఆగిపోయాడు. ఉన్న జుట్టంతా నెరిసిపోయింది.

“అరే. జేనీ. ఏమిటిలా... అనుకోకుండా,” అన్నాడు. చిన్నపిల్లాడు పద్యం అప్పజెప్పినట్టు ఉంది.

అక్క ఆయన వైపు చూసింది. చూస్తూ ఉండిపోయింది. తర్వాత మెల్లగా తల తిప్పి, “బాదోంగ్ మామా, నీకు దెబ్బ తగిలింది కుడికాలికా, ఎడమకాలికా? ఇందాకట్నుంచి మారుస్తున్నావు,” అంది.

బాదోంగ్ మామయ్య చంకకర్ర వంక చూసుకున్నాడు. “రెండిటికీనమ్మా,” అన్నాడు.

“పూరింగ్ అత్త ఎప్పుడూ ఇంతే, నడకలో తొందర. షాటు సగంలోనే అటువైపు వెళ్ళిపోతుంది,” అని అక్క నవ్వింది. ఆ ఎండిపోయిన మొహంలో ఆ నవ్వు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలో ఆమె చూపు వరండా చివరికి వెళ్ళింది. ఇసింగమ్మ రుమాలు దించడం మర్చిపోయింది. గాల్లోనే పట్టుకుని ఉంది.

అక్క నవ్వు ఆగిపోయింది. రుమాలు వైపు, డెల్ఫిన్ వైపు, మళ్ళీ రుమాలు వైపు చూసింది. నేను లెక్క చెప్పేటప్పుడు క్లాసులో ఎవరికైనా హఠాత్తుగా అర్థమైతే మొహం ఎలా మారుతుందో నాకు తెలుసు. అదే మార్పు. కానీ సంతోషం లేకుండా.

“నన్ను ఆ బెంచీ దగ్గరికి తీసుకెళ్ళు,” అంది.

డెల్ఫిన్ అన్న బెంచీ మీద కూర్చున్నాడు. అక్క కుర్చీ ఎదురుగా పెట్టాను. ఇద్దరి మధ్యా బల్ల లేదు. అక్కే ముందు పెదాలు కదిపింది. చప్పుడు లేదు. ఆయనా కదిపాడు. వరండాలో జనం తిరుగుతున్నారు, ఎక్కడో బిడ్డ ఏడుస్తోంది, వాన మొదలైంది. వాళ్ళేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. ఒకచోట ఆయన మొహం చేతుల్లో దాచుకుంటే, చూడకుండా ఎలా వినిపిస్తుంది నీకు అన్నట్టు అక్క ఆయన మణికట్టు పట్టుకుని కిందికి లాగింది.

వార్డులోకి తీసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టాక అడిగింది.

“మొదట్నుంచీ ఇసింగమ్మేనా?”

“అవునక్కా.”

“ప్రతిసారీ?”

“ప్రతిసారీ.”

“విధి అనుకుని నోరు మూసుకున్నాను. దాంతో ఎవరు పోట్లాడతారు? మనిషని తెలిసుంటే వెళ్ళి అడిగేదాన్ని కదా వెంగ్. ఏం ఇసింగమ్మా, డెల్ఫిన్‌ని పిలవట్లేదేం అని. ఒక్క మాట.” దుప్పటి భుజం మీదికి లాక్కుని, “ఆవిడతో మాత్రం ఇది అనకు. రుమాలు బాగా ఊపిందని చెప్పు,” అంది.

తర్వాతి మంగళవారం డెల్ఫిన్ అన్న ఎవరూ పిలవకుండానే అరిటాకులో నూడుల్స్ కట్టించుకుని బస్సెక్కాడు. నేనే గేటు దాకా వెళ్ళి ఎదురుచూడాల్సి వచ్చింది. అక్క ఆ తెల్లవారుజామునే పోయింది. ఆయన పొట్లం నా చేతికిచ్చి, “నూనె కారుతోంది, జాగ్రత్త,” అన్నాడు.

శవజాగరణలో శవపేటిక పక్కన, దాని మూతకున్న అద్దంలోంచి అక్కని చూస్తూ కూర్చున్నాడు. పెదాలు కదులుతున్నాయి. పక్కవాళ్ళు జపం అనుకున్నారు. లేచి వెళ్ళేటప్పుడు నేను గుమ్మం దాకా వెళ్ళలేదు. చావు ఇంటివాళ్ళు ఎవర్నీ సాగనంపకూడదు మాలో. ఆయనకీ తెలుసు, అందుకే వెనక్కి తిరగలేదు. ఇసింగమ్మ మాత్రం కూర్చున్నచోటి నుంచే రుమాలెత్తి, ఊపకుండా, మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది.

మీకు ఒక మనవి. ఎప్పుడైనా అలాంటి సినిమా చూస్తుంటే, హీరో హీరోయిన్ అనుకోకుండా ఢీకొనే చోట, ఒక్క క్షణం వాళ్ళని వదిలేసి వెనక చూడండి. హోటల్లో మూల బల్ల దగ్గర పసుపు చొక్కా వేసుకున్న ఒక సన్నటి ఆడమనిషి కనిపించవచ్చు. కెమెరా వంక చూడదు. ఎదుటి మనిషితో ఏదో చెబుతూ ఉంటుంది. ఆమె నటించడం లేదు. ఆమె పేరు జెనాయిదా మకరాయెగ్. గుర్తుపెట్టుకోండి.