డెక్కు కోసిన ఆదివారం

మా భోజనాల బల్ల మీద యుద్ధనౌక ఉంది. అందుకని మేం ముగ్గురం సోఫాలో కూర్చుని, ఒళ్ళో కంచాలు పెట్టుకుని తింటున్నాం. ఇంటికి వచ్చినవాళ్ళందరికీ ఈ సంగతి మా బావగారే విప్పి చెబుతారు. "మా మరదలు ఇల్లు ఆక్రమించింది, మేం శరణార్థులం" అంటారు. అక్క నవ్వదు. బల్ల గుడ్డలన్నీ మడిచి బీరువాలో పెట్టేసిన రోజు నుంచి ఆవిడకు ఓడ మీద కోపమే.

పళ్ళ డాక్టర్లకు కట్టుడు పళ్ళు తయారుచేసి ఇచ్చే ల్యాబులో పని నాది. మైనంతో పన్ను మలచడంలో నా చెయ్యి తిరిగిన చెయ్యి. నా గొప్ప నేను చెప్పుకోకపోతే ఎవరు చెబుతారు? ఈ ఏడాది ఆ కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. ప్రాణం మీదికి తెచ్చేది కాదని డాక్టరు ధైర్యం చెప్పాడు, పోయేది కూడా కాదని మెల్లగా అన్నాడు. ఒకరోజు మా ఓనరు నా చేతిలోంచి మైనపు పన్ను తీసుకుని, "మీరు కొన్నాళ్ళు ఫోను దగ్గర కూర్చోండి మేడమ్" అన్నాడు. ఎంతో మర్యాదగా అన్నాడు. ఆ మర్యాదకే నాకు ఒళ్ళు మండింది. తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని.

ఆ వారమే ఇంట్లో కట్టుకునే ఈ నమూనా యుద్ధనౌకకు చందా కట్టాను. కంపెనీవాళ్ళు నెలనెలా ఒక పెట్టె పంపుతారు. ఒకదాంట్లో ఓడ వెన్నెముక, ఇంకోదాంట్లో పక్కటెముకలు, తర్వాత పొట్ట మీద అంటించే చెక్క పేళ్ళు, ప్రతి పెట్టెలోనూ ఏది ఎలా బిగించాలో చెప్పే చిన్న పుస్తకం.

"కుట్లో అల్లికలో నేర్చుకోవచ్చుగా, యుద్ధాలెందుకే నీకు?" అంది అక్క.

"నాకు యుద్ధమే కావాలి" అన్నాను.

మొన్న శుక్రవారం ఓనరు మళ్ళీ మర్యాదగా వచ్చాడు. ఫోను పనిలోనే ఖాయంగా ఉంటారా, లేక ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకుంటారా, సోమవారం చెప్పమన్నాడు. నా బల్ల ఇంకొకరికి ఇవ్వాలట. మూడోదారి ఒకటుందని ఆయనకు తోచనే లేదు.

శనివారం కొత్త పెట్టె వచ్చింది. అందులో బొటనవేలంత మోటారు. పెద్ద ఫిరంగుల దిమ్మను అటూ ఇటూ తిప్పేది అదే. పుస్తకం తెరిచి మొదటి పేజీ రెండుసార్లు చదివాను. మోటారు డెక్కు కింద, అంటే ఓడ పైన పరిచే చెక్క కింద బిగించాలి, ఆ తర్వాతే డెక్కు అంటించాలి. నేను పోయిన నెలలోనే డెక్కు అంటించేశాను. వచ్చే పెట్టె దాకా అంటించొద్దని అప్పటి పుస్తకంలో చెప్పారు, చదివాను కూడా. కానీ ఆ వారం నా చెయ్యి మాట వింటోంది. వింటున్నప్పుడే కదా పని చేయించుకోవాలి! వచ్చే నెల వింటుందని ఎవరు హామీ ఇస్తారు?

బావగారు కళ్ళజోడు సర్దుకుని ఓడ చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు.

"ఫిరంగులు తిరక్కపోతే ఏం, మరదలు పిల్లా? మన వీధిలోకి శత్రువులెవరొస్తారు? వచ్చినా నేను మాట్లాడి పంపించేస్తాలే."

"తిరగాలి బావగారూ. తిరిగే ఫిరంగులు తిరగాల్సిందే. డెక్కు కోస్తాను."

"ఇంత అందంగా కుదిరింది, చెడగొట్టుకోకే" అంది అక్క. "ఆ చేత్తో రంపం పట్టుకుంటే..." అని ఆగిపోయింది.

ఆవిడ మింగేసిన మాట నాకు బాగానే వినపడింది. అప్పుడే నిశ్చయించుకున్నాను. ఈ డెక్కు కోసి మోటారు పెట్టగలిగితే సోమవారం నా బల్ల నాకు కావాలని అడుగుతాను. లేకపోతే నోరు మూసుకుని ఫోను ఎత్తుతాను. తాడో పేడో తేలిపోవాలి.

ఆదివారం పొద్దున్నే సన్నపళ్ళ రంపం తీశాను. చెయ్యి బిగబట్టి, ఊపిరి బిగబట్టి డెక్కు మీద ఆనించానో లేదో, రంపం జారి అడ్డంగా గీసుకుపోయింది. నున్నటి చెక్క మీద జానెడు గీత. అక్క "అయ్యో" అంది. బావగారు జోకు వెయ్యలేదు. ఆయన జోకు వెయ్యకపోవడమే భరించలేకపోయాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను. నా ఇల్లు, నా అక్క, ఎవరి దగ్గర దాచుకోవాలి?

ముక్కు తుడుచుకుంటుంటే తట్టింది. మా ల్యాబులో ఎవరూ గాల్లో పని చెయ్యరు. ప్రతి బల్ల అంచుకూ ఒక చెక్క నాలుక బిగించి ఉంటుంది, మణికట్టు దాని మీద ఆనించే మలుస్తాం. నేనూ అలాగే చేసేదాన్ని. వణుకు మొదలయ్యాక మానేశాను. వణికే చెయ్యి చెక్కకు తగిలితే టకటకమని చప్పుడవుతుంది. పక్కవాళ్ళు వింటారని చెయ్యి పైకెత్తి, కర్రలా బిగించి పని చెయ్యడం మొదలుపెట్టాను. వణుకు చెడగొట్టింది సగమే, మిగతా సగం నా సిగ్గు చెడగొట్టింది.

"అక్కా, కూరగాయలు తరిగే చెక్క ఇవ్వవే."

"మళ్ళీ దాని మీద కూరలు తరగనంటే తరగను" అంటూనే తెచ్చిచ్చింది. బల్ల అంచుకు దాన్ని మరలతో బిగించాను. బావగారి చేత ఓడను రెండు పక్కలా పట్టించాను.

"కదిలారంటే ఊరుకోను."

"ఊపిరి పీల్చుకోవచ్చా?"

"కొంచెంగా."

మణికట్టు ఆనించి, చిటికెనవేలు ఓడకు తగిలించి, రంపం పెట్టాను. చెక్క టకటకలాడింది.

"చప్పుడవుతోందే" అంది అక్క భయంగా.

"అవనీ."

వణుకుతూనే కోశాను. రంపం ముందుకీ వెనక్కీ పోయే పనికి ఆ వణుకు అడ్డేం రాలేదు. మూలల దగ్గర మాత్రం ఆగి, చెయ్యి ఎత్తి, మళ్ళీ ఆనించుకున్నాను. మధ్యాహ్నం అన్నం వేళకి చతురస్రపు ముక్క మూతలా పైకి లేచింది. మోటారు కూర్చోబెట్టి, తీగలు కలిపి, మూత వేసి మీట నొక్కితే ఫిరంగులు మెల్లగా తిరుగుతూ బావగారి వైపు ఆగాయి. ఆయన రెండు చేతులూ పైకెత్తేశారు. అక్క నవ్వింది, ఇన్ని నెలల్లో మొదటిసారి.

"ఆ గీత మీద రంగు వెయ్యి, కనపడదు" అంది.

"కనపడనీ" అన్నాను.

సోమవారం ల్యాబులో ఓనరు నాకోసమే ఎదురుచూస్తున్నాడు.

"చెయ్యి తగ్గిందా మేడమ్?"

"తగ్గలేదు సార్. తగ్గదు కూడా. అయినా నా బల్ల నాకు కావాలి. ఒక పన్ను చేస్తాను, మీరే చూడండి. బాగోలేకపోతే అప్పుడు పంపించండి."

జవాబు కోసం ఆగలేదు. నా కుర్చీలో పేర్చిన అట్టపెట్టెలు దించి పక్కన పెట్టాను. మైనం తీసుకుని, మణికట్టు చెక్క నాలుక మీద ఆనించాను. టకటకమని చప్పుడు గదంతా వినపడింది. అందరూ తలలు తిప్పి చూశారు. చూస్తే చూడనీ అనుకుని పన్ను అంచు మలచడం మొదలుపెట్టాను. ఓనరు నా వెనకే నిలబడి ఉన్నాడు.

ఫోను మోగింది. నేను లేవలేదు. మోగి మోగి, చివరికి ఆయనే వెళ్ళి ఎత్తాడు.