ఆవిరి: మావయ్య

‘తడిబట్టలు’ అనే రాక్ బృందానికి తొలి అభిమానిని తానేనని లాండ్రీ యజమాని కనిపించిన ప్రతివాడికీ చెప్పుకునేవాడు. చొక్కా ఇవ్వడానికి వచ్చినవాడు ఆ కథ వినకుండా బయటపడ్డ దాఖలా లేదు. అందులో అబద్ధమూ లేదు. బృందంలో పాడేది ఆయన మేనకోడలు. డ్రమ్స్ వాయించేది ఆమె స్నేహితుడు. నెత్తిన ఒత్తుగా జుట్టున్నా వాణ్ణి అందరూ గుండు అనే పిలుస్తారు. సాధన చేసుకోవడానికి చోటు దొరక్క వాళ్ళు కాళ్ళరిగేలా తిరుగుతుంటే, లాండ్రీ పైగది తాళంచెవి తీసి చేతిలో పెట్టినవాడు ఈయనే.

పైగదిది చెక్క నేల. కింద ఈయన ఆవిరి ఇస్త్రీ మిషన్ మీద ప్యాంటు పరిచి, మూత దించి, పెడల్ తొక్కాడంటే ‘భుస్స్’మని లేచే చప్పుడు పైనవాళ్ళ అరికాళ్ళకి తగిలేది. మొదటి పాటలన్నీ వాళ్ళు ఆ గదిలోనే రికార్డు చేశారు. ప్రతి పాటలోనూ భుస్సు పడింది. విన్నవాళ్ళు అదేదో కొత్త వాయిద్యమనుకుని, వాయించిందెవరని అడగడం మొదలుపెట్టారు. దాంతో పిల్లలు మొదటి ఆల్బం అట్ట మీద ‘ఆవిరి: మావయ్య’ అని అచ్చు వేయించారు. ఆయన దానికి ఫ్రేం కట్టించి కౌంటర్ వెనకాల తగిలించాడు. కొట్లో మిగతావాటి మీద దుమ్ము ఉంటే ఉంటుందేమో గానీ, దాని మీద ఉండదు.

అలాంటి బృందాన్ని పెద్ద కంపెనీ పిలిచింది. పిల్లలు పైగది ఖాళీ చేసి, అద్దాల గదుల్లో రికార్డు చేసుకోవడానికి వెళ్ళిపోయారు. ఆయన వీధంతా చాక్లెట్లు పంచాడు. పంచుతూనే, “చూస్తూ ఉండండి, ఆ కంపెనీవాళ్ళు వీళ్ళని ఇస్త్రీ చేసి మడతపెట్టేస్తారు” అని కూడా చెప్పాడు.

కొత్త ఆల్బం వచ్చింది. ఫోన్‌లోని అభిమానుల గ్రూపులో అందరూ ఈయన తీర్పు కోసం కాచుకుని కూర్చున్నారు. ఆయన ముందు పాటలు వినలేదు. కళ్ళజోడు తగిలించుకుని అట్ట చదివాడు. సౌండ్ ఇంజనీర్లు, లాయర్లు, జుట్టు దువ్వినవాళ్ళు, జుట్టు దువ్వినవాళ్ళకి దువ్వెన అందించినవాళ్ళు, అందరి పేర్లూ ఉన్నాయి. ఈయన పేరు మాత్రం లేదు.

అప్పుడు ఇంట్లో ముందుగది తలుపు వేసుకుని, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాడు. ఆల్బం కడిగిన ముత్యంలా ఉంది. అదే ఆయనకి ఎక్కలేదు. పైగా ప్రతి పాటలోనూ కాస్సేపు పాడి, అందరూ ఒక్కసారిగా ఆగిపోతున్నారు. చిన్న ఖాళీ. మళ్ళీ అందుకుంటున్నారు. పాత పాటల్లో ఇలాంటి ఖాళీ ఒక్కటి విన్న గుర్తు లేదు.

“పెద్ద కంపెనీ మెట్లెక్కేసరికి వీళ్ళకి ఆయాసం వచ్చింది” అని ఫోన్‌లో రాసుకుని, గట్టిగా చదివి వినిపించాడు.

“అట్ట మీద మీ పేరు లేదనేగా ఈ ఏడుపంతా?” అంది భార్య, పడకగదిలోంచే.

“నా పేరుతో నాకేం పని? నేను కళ గురించి మాట్లాడుతున్నాను.”

ఆమె చెప్పింది సగం నిజం. మిగతా సగం ఆయన ఎవరికీ చెప్పలేదు. ఆ పిల్లకి ఇక తనతో పని లేదేమోనని ఆయనకి బెంగగా ఉంది. గ్రూపులో పెట్టబోయింది ఆపాడు. ఏదైనా ముందు దాని మొహం మీదే చెప్పాలనుకున్నాడు.

మర్నాడు స్టేజీ మీద వేసుకునే కోటు చంకలో పెట్టుకుని మేనకోడలు కొట్టుకి వచ్చింది.

“మావయ్యా, విన్నావా?”

“విన్నాను. మొహమాటంగా చెప్పమంటావా, ఉతికి ఆరేయమంటావా?”

“నీకు మొహమాటం ఎప్పుడేడ్చింది గనక!”

“పాటల మధ్యలో ఆ గోతులేంటే? పదం మర్చిపోయినట్టు అలా నోరు మూసుకుంటారేం? నా పైగదిలో ఉన్నప్పుడు ఉన్నాయా ఇలాంటి వేషాలు?”

ఆ పిల్ల మొహం వాడిపోయింది. “అందరూ బాగుందన్నారు. నువ్వేమంటావోనని నాకు నిన్నట్నుంచి ముద్ద దిగలేదు” అంది. అంతలోనే ఏదో అనుమానం వచ్చి, “ఎక్కడ విన్నావు?” అని అడిగింది.

“ఇంట్లో. తలుపులేసుకుని, శ్రద్ధగా.”

“అయ్యో మావయ్యా!” అని నెత్తి కొట్టుకుని, కొట్లో ఉన్న స్పీకర్‌లో మొదటి పాట పెట్టింది.

ఆయన మూతి ముడుచుకుని పనిలో పడ్డాడు. ప్యాంటు పరిచాడు, మూత దించాడు, పెడల్ తొక్కాడు. సరిగ్గా అప్పుడే పాట ఆగింది. భుస్స్! పాట మళ్ళీ అందుకుంది. ఏదో కలిసొచ్చిందిలే అనుకుని ఇంకో ప్యాంటు పరిచాడు. మూత దించాడు. భుస్స్! పాట మళ్ళీ అందుకుంది. ఆయన రోజూ పనిచేసే వేగమే పాట వేగం.

మూడోసారి పంతానికి పోయి పెడల్ మీంచి కాలు తీసేశాడు. పాట ఆగింది. కొట్టంతా బోసిపోయింది.

“తొక్కండీ!” అని కౌంటర్ దగ్గర చీటీలు రాస్తున్న భార్య అరిచింది.

ఆయన తొక్కాడు. ఆలస్యమైంది.

“ఆ ఖాళీలు మూసెయ్యమని కంపెనీవాళ్ళు చెవిలో జోరీగల్లా పోరారు” అంది మేనకోడలు. “గుండుకి భుస్సు దగ్గర ఆగకుండా వాయించడం రాదు. వాడికి తాళం నేర్పింది నీ కాలే. నీ మిషన్ తెస్తామంటే ఆవిరికి మైకులు పాడవుతాయన్నారు. కంప్యూటర్‌లో చేసిస్తామన్నారు. దొంగ భుస్సు నాకొద్దన్నాను.”

“మరి నా పేరు?” ఆయన కౌంటర్ వెనకాల ఫ్రేం వైపు చూశాడు.

“లేని చప్పుడుకి పేరెలా వేస్తామన్నారు. అక్కడ ఓడిపోయాను. కానీ నీ చోట్లో ఇంకొకళ్ళని కూర్చోబెడతానా మావయ్యా?”

ఆయన కళ్ళు చెమర్చాయి. ఆవిరి అని సర్దిచెప్పుకోవడానికి మిషన్ ఎదురుగానే ఉంది కాబట్టి సరిపోయింది. ఈలోగా మూత కింద మూడో ప్యాంటుకి అడ్డంగా కొత్త మడత పడింది. దాని యజమానికి ఏం చెప్పాలో తర్వాత చూసుకోవచ్చు.

ఫోన్ తీసి, ఆయాసం ముక్క చెరిపేసి, గ్రూపులో తీర్పు పెట్టాడు.

“ఆల్బం బ్రహ్మాండం. మధ్యలో ఖాళీలు వస్తాయి, కంగారు పడకండి. అవి నావి.”