కనుమలో నిలబడ్డ రోజు

మా గ్లెన్ ఓరా లోయలో గొర్రెలను కొండ దించే రోజుకి ఒక కట్టుబాటు ఉంది. ఆ కొండ మీద మంద మేపుకునే ప్రతి ఇంటి నుంచీ ఒక మనిషి రావాలి. పంపలేని ఇంటిని ఎవరూ ఏమీ అనరు. మరుసటి వసంతానికల్లా ఆ ఇంటివాళ్లే మందను అమ్ముకుంటారు.

మా ఇంటి వంతు పై కనుమ. నల్ల సరస్సు పక్కన రెండు శిఖరాల మధ్య ఉండే సందు అది. అక్కడ మనిషి లేకపోతే గొర్రెలు అవతలి జింకల కొండల్లోకి జారిపోతాయి, ఇక దొరకవు. మా పెళ్లయినప్పటి నుంచీ నా భర్త టార్కిల్ ఆ సందులో నిలబడుతున్నాడు. ఈ ఏడాది అతని మోకాలు ఇంట్లో మెట్లే ఎక్కనివ్వడం లేదు.

ముందురోజు సాయంత్రం పొరుగింటి ఈవాండర్ వచ్చాడు. కొండ పనికి పెద్ద అతనే. బురద బూట్లతో వంటింటి గుమ్మంలోనే ఆగాడు. నేను తుడిచిన నేల వైపు ఒకసారి, టార్కిల్ మోకాలి వైపు ఒకసారి చూశాడు.

"ఒరేయ్ టార్కిల్, నా మాట విను. నీ మందని నా మందలో కలిపెయ్. చిన్నతనమేం కాదు."

టార్కిల్ చేతికర్రకు నూనె రాస్తూనే ఉన్నాడు. రాసిన చోటే మళ్లీ రాస్తున్నాడు.

"మా ఇంటి నుంచి నేనొస్తాను," అన్నాను.

ఈవాండర్ పగలబడి నవ్వాడు. "మీరు ఆ పైకి చేరేసరికి, ఉన్ని కత్తిరించిన గొర్రెలకి మళ్లీ ఉన్ని పెరుగుతుంది వదినా!"

"నడిచి కాదు, సైకిల్ మీద," అంది ఊనా. ఊనా టార్కిల్ అన్నగారి కూతురు. మా దగ్గరే ఉంటుంది, లోయ చూడటానికి వచ్చినవాళ్లను సైకిళ్ల మీద కొండలు తిప్పుతుంది. వేటాడిన జింకలను గుర్రాల మీద దించే పాత బాటను, తన స్నేహితులతో కలిసి రాళ్లు పరిచి సైకిళ్ల దారిగా మార్చింది. "బ్యాటరీ సైకిల్ ఇస్తా. పిన్ని వేసవంతా నేర్చుకుంది. నేనూ వెంట వెళ్తాను."

"సైకిళ్లా!" ఈవాండర్ ఆ మాటను నోట్లో ఈగ పడ్డట్టు అన్నాడు. "సరే. ఆ సందు ఖాళీగా ఉందో, ఇంకో ఏడాది అడగను. అంతే."

అతను వెళ్లాక టార్కిల్ నా వైపు చూశాడు. "అరవొద్దు. పరిగెత్తొద్దు. చేతులు చాచి నిలబడు, చాలు," అన్నాడు.

తెల్లవారకముందే బయల్దేరాం. లోయంతా పొగమంచు. దిగువ సరస్సు ఒడ్డున పోతుంటే నీళ్లు కనబడలేదు, రాళ్లకు తగిలే చప్పుడు మాత్రం వినబడింది. బిర్చి చెట్ల కింద దారి మెత్తగా ఉంది. కొమ్మల నుంచి నీటి బొట్లు మెడ మీద పడుతున్నాయి. వాగు దాటేచోట ఊనా నా సైకిల్ కూడా ఎత్తి అవతల పెట్టింది. కొండకి అడ్డంగా కట్టిన రాతి గోడ దగ్గర గేటు బార్లా తెరిచి ఉంది. ఆగితే మళ్లీ ఎక్కలేనేమోనని భయపడి, వెనక్కి చూడకుండా తొక్కుకుంటూ పోయాను. ఊనా కాస్త వెనక పడి, తర్వాత వచ్చి కలిసింది.

పైన హెదర్ పూల మధ్య దారి మెలికలు తిరిగింది. ఒక మెలిక దగ్గర మంచు పలచబడింది. ఇంకో మెలిక తిరిగేసరికి మంచు లేదు. నేను సైకిల్ ఆపేశాను. ఆపాలనుకోలేదు, కాళ్లే ఆగిపోయాయి.

మా లోయ లేదు. మా ఇల్లు, చర్చి, రోడ్డు, సరస్సు ఏవీ లేవు. కొండకీ కొండకీ మధ్య తెల్లటి మబ్బు నిండి కదలకుండా పడుకుని ఉంది. శిఖరాలు దాని మీద దీవుల్లా తేలుతున్నాయి. పక్కన నల్ల సరస్సు సగం మబ్బు కింద, సగం ఆకాశం కింద ఉంది. గాలి లేదు. నా ఊపిరి చప్పుడు నాకే మర్యాద తక్కువగా అనిపించింది.

"పిన్నీ, నోరు మూసుకో. మిడ్జీ దోమలు దూరతాయి," అంది ఊనా.

కనుమ చేరాక కూర్చుని ఫ్లాస్క్ మూత తీసింది. అప్పుడు చూశాను. ఆమె మణికట్టుకి నారింజ రంగు తాడు చుట్టి ఉంది.

"ఈ తాడెక్కడిది?"

"గేటుకి ఎవరో కట్టి వదిలేశారు. విప్పి గేటు వేసేశా. అంత పెద్ద బోర్డు పెట్టాం, దయచేసి గేటు మూయండి అని. అయినా ఒక్కరూ..." మధ్యలో ఆగింది. ఆమె ముఖంలో రంగు పోయింది. "ఇవాళ గొర్రెలు దిగేది ఆ గేటులోంచే కదూ?"

ఆ తాడు ఈవాండర్‌ది. మంద దిగడానికని గేటును తెరిచి కట్టింది అతనే. మూసిన గేటు దగ్గరికి మంద చేరిందంటే, వెనక్కి తిరిగి కొండంతా చెదిరిపోతుంది. అందరి ఇళ్ల గొర్రెలూ పోతాయి. అదీ మా ఇంటి చేతుల మీదుగా. దూరంగా, అవతలి చరియ మీద కుక్కల అరుపు మొదలైంది. ఫోన్ తీసి చూస్తే సిగ్నల్ లేదు.

"నడిస్తే అందుకోలేను," అని ఊనా సైకిల్ ఎక్కింది. "పిన్నీ, ఒక్కదానివే ఉండగలవా?"

"నువ్వు పో!"

ఆ దారిలో ప్రతి రాయీ తను పరిచినదే. ఆ వాలులో ఆమె వంగి దూసుకుపోయింది. మబ్బు ఆమెను మింగేసింది. తర్వాత చక్రాల చప్పుడు కూడా లేదు.

నేను సందులో నిలబడ్డాను. వెనక శిఖరం పక్కనుంచి ఎండ వచ్చి వీపుకి తగిలింది. ఎదుట, కింద మబ్బు మీద, నా నీడ పడింది. నీడ అంటే మామూలు నీడ కాదు. లోయ అడ్డంగా పరుచుకున్న మనిషి. తల చుట్టూ రంగుల వలయం, లోపల పసుపు, అంచున ఎరుపు. నేను చెయ్యి కదిపితే ఆ మనిషీ కదిపింది. ఎవరికో క్షమాపణ చెప్పాలనిపించింది, ఎందుకో తెలియదు.

ఆ నీడలోంచే గొర్రెలు వచ్చాయి. ముందు ఒక కొమ్ము విరిగిన ముసలి గొర్రె, వెనక వందల తలలు. మబ్బులోంచి అప్పుడే పుట్టినట్టు ఒక్కొక్కటే పైకి తేలాయి. చూస్తూ ఉండిపోయాను. ముసలిది నా పక్క ఖాళీని కనిపెట్టి అడుగు అటు వేసింది. అప్పుడు టార్కిల్ మాట గుర్తొచ్చి చేతులు చాచాను. కింద ఆ మహాకాయం కూడా చాచింది.

ముసలిది నన్ను చూసింది. నేను దాన్ని చూశాను. అరవలేదు, కదల్లేదు. అది ముక్కుతో ఒక్కసారి బుసకొట్టి, విసుగ్గా పక్కకి తిరిగి, సైకిళ్ల దారి పట్టుకుంది. వెనక మందంతా తిరిగింది. ఒకదాని వెనక ఒకటిగా, తెల్లటి దారంలా, మెలిక తర్వాత మెలికగా మబ్బులోకి దిగిపోయాయి.

ఇక చెవులే మిగిలాయి. గేటు మూసి ఉంటే ఆ అరుపులు మళ్లీ పైకి రావాలి. మబ్బు కింద లోయంతా గొర్రెల గొంతులు. కొండలే మాట్లాడుకుంటున్నట్టుంది. ఊపిరి బిగబట్టి విన్నాను. గొంతులు కాస్త దూరమయ్యాయి. ఇంకాస్త దూరమయ్యాయి. చేతులు దించడం చాలాసేపటికి గాని గుర్తురాలేదు.

నేను దిగేసరికి దొడ్డి నిండిపోయింది. ఊనా మోచేయి చీరుకుపోయి ఉంది, ముఖమంతా బురద. ఆమె తాడును ఈవాండర్ చేతిలో పెట్టింది. "మీ గేటు నేనే మూశాను. వీటికి కాస్త ముందు వెళ్లి తెరిచాను."

ఈవాండర్ తాడును వేళ్లకి చుట్టుకున్నాడు. అందరూ పని ఆపారు.

"నడిచి దిగుంటే?" అన్నాడు.

"అందేవి కావు."

"ఊఁ." తాడు జేబులో పెట్టుకున్నాడు. "ఏడాదికి ఒక్కరోజు ఆ బోర్డుకి గోనెసంచి తొడుగు. మర్చిపోయావో, నిన్నే గేటుకి కట్టేస్తా." తర్వాత నా వైపు తిరిగాడు. "వచ్చే ఏడాది కూడా ఆ సందు మీ ఇంటిదే కదా వదినా? లేక ఉన్ని పెరిగేదాకా ఆగాలా?"

టార్కిల్ దొడ్డి గోడకి ఆనుకుని గొర్రెలను చూస్తున్నాడు. నేను పక్కకి వెళ్లేసరికి కర్ర చివరతో కొండ మీది మబ్బును చూపించాడు.

"చూశావా?" అన్నాడు మెల్లగా.

తలూపాను. "ఆ నీడని ఎన్నిసార్లు చూశావు నువ్వు?"

"కొన్నిసార్లు."

"ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా చెప్పలేదేం?"

టార్కిల్ కర్ర దించాడు. "ఇంటికొచ్చేసరికి ఎలా చెప్పాలో తెలిసేది కాదు," అన్నాడు. "నువ్వు చెప్పు, వింటాను."

చెప్పబోయాను. నాకూ మాట రాలేదు.