ఇంకొంచెం నిండనీ

కొలత తీసిందంటే వెంట్రుకవాసి తేడా రాదు. అంత పనిమంతురాలు, అయినా సరే కుట్టు లోపల నాలుగు వేళ్ళ గుడ్డ వదలందే, పైన కాస్త వదులు పెట్టందే ఆ దర్జీ అమ్మాయికి నిద్రపట్టదు. "రేపు ఒళ్ళు చేస్తే? ఉతికాక దగ్గరపడితే?" అంటుంది. ఇద్దరు పట్టే చొక్కాలు కుడుతుందని వాళ్ళ నాన్న వెక్కిరిస్తాడు. వెక్కిరిస్తూనే అవే వేసుకు తిరుగుతాడు, అది వేరే సంగతి.

ఆ చలికాలం ఒకరోజు పొద్దున్నే కొండ మీది ఊరి నుంచి బావ ఫోన్ చేశాడు.

"మామయ్యని తీసుకుని వెంటనే బయల్దేరు. అమ్మకి ఈ రోజు గడిస్తే గొప్పంటున్నాడు డాక్టరు. స్పృహలోనే ఉంది. తమ్ముడేడీ, తమ్ముడొచ్చాడా అని ఒకటే అడగడం."

మేనత్త అంటే నాన్నకి ఒట్టి అక్క కాదు. తల్లి పోయిన పసివాణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి. సంగతి విని ఆయన ఏడవలేదు. చొక్కా తిరగేసి తొడుక్కుని, అప్పుడే గుమ్మం దగ్గర నిలబడ్డాడు. కూతురే విప్పించి సరిగ్గా వేసింది.

అప్పటికప్పుడు బయల్దేరితే ఏ గొడవా ఉండేది కాదు. కానీ కారు కరెంటుది. ఎక్కడెక్కడ ఛార్జింగు పెట్టుకోవాలో తేలాలి కదా! ఆమె కుట్టుమిషను మీద ఫోన్ ఆనించి దారి చూసింది. దారిలో ఒక్కచోట ఆగితే చాలంది ఫోను. ఒక్కచోటేనా! పోయిన చలికాలం ఇలాగే దాని మాట నమ్మితే ఘాటురోడ్డు మధ్యలో కారు చచ్చి కూర్చుంది. హీటరు లేక నాన్న పెదాలు నీలంగా మారి, దగ్గీ దగ్గీ చివరికి ఆస్పత్రి పాలయ్యాడు. ఆ మంచం పక్కన కూర్చుని ఆమె ఒట్టేసుకుంది, ఇంకోసారి ఇలా జరగనివ్వనని. చలికి బ్యాటరీ నీరసిస్తుంది, హీటరు కొంత తినేస్తుంది, ఎక్కుడు దారి ఇంకొంత తింటుంది. అన్నీ చూసుకుని మూడు చోట్ల ఆగాలని, ఆగిన ప్రతిచోటా పూర్తిగా నింపాలని ఖాయం చేసుకుంది.

"మూడుసార్లా?" అన్నాడు నాన్న.

"మధ్యలో ఆగిపోతే మనకెవరు దిక్కు నాన్నా?"

ఆయన వెళ్ళి కారెక్కాడు. అత్తయ్య కోసం ఆమె కుట్టిన ఉన్నికోటు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. జబ్బు తగ్గాక అత్తయ్య ఒళ్ళు చేస్తుంది కదా అని దాన్ని మరీ వదులుగా కుట్టింది పిచ్చిది.

మొదటిచోట నింపారు. రెండోచోట నింపారు. మూడోది కొండ కింద, టీకొట్టు పక్కనే. మంచు సన్నగా రాలుతోంది. కొట్టావిడ గ్లాసులు అందిస్తూ కారులోని బ్యాటరీ మీటరు వంక చూసింది.

"ముప్పాతిక దాటిందిగా, తీసెయ్యమ్మా. ఇక్కణ్ణించి చుక్కలు చుక్కలుగా ఎక్కుద్ది. మొదటి సగం నిండినంతసేపు పడుతుంది ఆ కాస్తకీ. పైన ఊళ్ళోనూ ఛార్జరుంది."

"అది పనిచేయకపోతే? మా నాన్నకసలే ఊపిరితిత్తులు బాగోవు."

"నీ ఇష్టం తల్లీ," అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

అంతలో బావ ఫోన్. ఈసారి అత్తయ్య చేతికే ఇచ్చాడు. గొంతు పీలగా ఉంది.

"ఏరా కోతీ, వస్తున్నావా?"

"వస్తున్నానక్కా! కొండ కిందే ఉన్నా. ఇదిగో, వచ్చేశా!"

"చెవులు కప్పుకున్నావా?"

"కప్పుకున్నానక్కా," అంటూ ఆయన నిజంగానే ఖాళీ చేత్తో ఓ చెవి మూసుకున్నాడు. కారులో ఎవరు చూడొచ్చారని! ఫోన్ పెట్టేశాక కూతురి వైపు తిరిగాడు.

"పోదామా అమ్మా?"

ఆమె మీటరు చూసింది. ఆయన పెదాలు చూసింది. పోయినేడాది నీలం ఇంకా కళ్ళలోనే ఉంది.

"ఇంకొంచెం నాన్నా. నిండనీ."

ఆయన తలూపాడు. కోటుని మడత విప్పి మళ్ళీ మడతపెట్టాడు. మళ్ళీ విప్పాడు. ఆ తర్వాత ఆమె ఎంతసేపు ఆగిందో చెప్పడానికి నాకే నోరు రావడంలేదు. నిండేదాకా ఆగింది.

పైకి వెళ్ళేసరికి బావ ఇంటి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. కారు చూసి కూడా లేవలేదు.

"ఇందాకే, మామయ్యా," అన్నాడు. "మీ కారేమోనని చప్పుడైనప్పుడల్లా తల తిప్పింది. ఇందాకే..."

నాన్న లోపలికి వెళ్ళాడు. అక్క మీద కోటు కప్పి, అంచులు అటూ ఇటూ నొక్కాడు. ఆ చిక్కిన ఒంటికి అదెక్కడ సరిపోతుంది! ఇద్దరు పట్టేలా ఉంది. "అక్కా, వచ్చాను. చెవులు కప్పుకునే వచ్చాను," అన్నాడు. అప్పుడు ఏడ్చాడు, పసివాడిలా, నోరు తెరిచి.

ఆమె అక్కడ నిలబడలేక కారులోకి వచ్చి కూలబడింది. ఎదురుగా మీటరు వెలుగుతోంది. ఇంత ఎక్కుడెక్కినా, హీటరు ఆపకపోయినా, సగం పైనే మిగిలి ఉంది. ఆమె చేత్తో దాన్ని మూసేసింది. వేళ్ళ సందుల్లోంచి కూడా కనిపిస్తూనే ఉంది.

కాసేపటికి నాన్న కళ్ళజోడు కోసం వచ్చి పక్క తలుపు తీశాడు. ఆమె చేతి కింది వెలుగు ఆయనా చూశాడు.

"నావల్లే నాన్నా. నేనే పోనివ్వలేదు. నన్ను తిట్టు."

ఆయన తిట్టలేదు. ఆమె తలమీద చెయ్యేసి, ఊరడించాలనే, మెల్లగా అన్నాడు.

"తిరిగి వెళ్ళేటప్పుడు అంతా దిగుడే, ఎక్కడా ఆగక్కర్లేదులేమ్మా."